పెళ్లిచూపుల్లో స్విచ్‌బోర్డు

ఆ రోజుల్లో ఎలక్ట్రీషియన్ ఇంటికొస్తే కుర్చీ వేసేవాళ్లు. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే, ఎక్కి ఫ్యాను బిగించుకోవడానికేమో అనుకుంటారు. కాదు, కూర్చోవడానికే. మా చిన్నాయన (మా నెల్లూరు వైపు తండ్రి నాయన, తండ్రి తమ్ముడు చిన్నాయన) తోటపల్లి గూడూరు చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు వైరింగు చేసిన కాలం అది. సైకిలుకు నిచ్చెన అడ్డంగా కట్టుకొని ఆయన వస్తుంటే ఎదురొచ్చే బండ్లు కూడా పక్కకు తప్పుకునేవట. నిచ్చెన అడ్డంగా ఉంటే ఎవరైనా తప్పుకోవలసిందేనని నాకు తర్వాత తోచింది గానీ, చిన్నాయన మాత్రం దాన్ని మర్యాదగానే జమ చేసుకున్నాడు. కొత్తింట్లో మొదటి బల్బు వెలిగిన రోజున హిందువుల ఇళ్లలో ఆయనకు పంచెలచాపు పెట్టేవాళ్లు, సాయిబుల ఇళ్లలో బిరియాని పెట్టేవాళ్లు, మా క్రైస్తవుల ఇళ్లలో ప్రార్థనలో ఆయన పేరు చెప్పేవాళ్లు. పంచెలు చిరిగిపోయాయి, బిరియాని అరిగిపోయింది, ప్రార్థనలో పేరొక్కటే ఇంకా ఖర్చు కాకుండా ఉందని ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

నేను ఐటిఐ పూర్తి చేసి, ఆయన నిచ్చెన రెండో కొస పట్టుకునే నాటికి మా విలువ సాయంత్రం పూట వోల్టేజిలా పడిపోవడం మొదలైంది. అది ఒక్కసారిగా పోలేదు. ముందు 'మేస్త్రీ' అని పిలిచేవాళ్లు, తర్వాత 'కరెంటాయన' అన్నారు, ఆ తర్వాత 'కరెంటోడు' అయ్యాం. ఒక ఇంట్లో అయితే 'ఏయ్, నిచ్చెనా' అని కేకేశారు (నిచ్చెన పలకలేదు, నేనే పలికాను). సామానంతా షాపులో వాళ్లే కొని తెచ్చేవాళ్లు, ఎలా బిగించాలో సెల్లులో వీడియో చూసి వాళ్లే చెప్పేవాళ్లు, ఇక మేం చేయడానికి మిగిలింది షాకు కొట్టించుకోవడమే. దానికి కూడా బేరమాడేవాళ్లు. "ఒక్క స్క్రూ తిప్పినందుకు అంతా?" అని అడిగేవాళ్లు. ఏ స్క్రూ తిప్పాలో తెలుసుకోవడానికి పదేళ్లు పట్టిందని చెబితే, "ఆ పదేళ్లకీ నన్నే ఇమ్మంటావా?" అనేవాళ్లు. అదే ఇంట్లో సిమెంటు కలిపే మనిషికి మాకంటే ఎక్కువ కూలీ, మాకంటే ముందు టీ. సిమెంటుకు గడ్డకట్టే గుణముంది, దాంతో పనిచేసే మనిషిని ఆలస్యం చేయకూడదు. కరెంటుకు ఆ గుణం లేదు.

ఇదంతా ఎలాగో సర్దుకునేవాణ్ణే గానీ, నాకు పెళ్లీడు వచ్చింది. సంబంధాలు వచ్చేవి, వచ్చిన దారినే పోయేవి. "అబ్బాయేం చేస్తాడు?" అని అడిగేవాళ్లు. "ఎలక్ట్రీషియన్" అని మా నాయన చెప్పేవాడు. "అది సరేన్నా, పనేం చేస్తాడు?" అని మళ్లీ అడిగేవాళ్లు. రెండోసారి కూడా అదే జవాబు వచ్చేసరికి కాఫీ తాగి లేచేవాళ్లు. అందుకని నాయన ఎవరినో పట్టుకొని, కృష్ణపట్నం వైపు ఒక కంపెనీలో కాంట్రాక్టరు కింద నన్ను చేర్పించాడు. పేరు 'టెక్నీషియన్'. పని ఏమిటంటే, ఒక పెద్ద ప్యానెలు ముందు కూర్చోవాలి, అందులో ఎర్ర లైటు వెలిగితే పైవాళ్లకు చెప్పాలి. నేనున్నన్నాళ్లూ అది వెలగలేదు. జీతం వైరింగు పనిలో వచ్చేదానికంటే తక్కువే, కానీ మెడలో పట్టీతో కార్డు ఇచ్చారు. ఆ కార్డు వేసుకొని నడిస్తే టీకొట్టాయన గ్లాసు కడిగి ఇచ్చేవాడు. సెలవు రోజుల్లో కార్డు జేబులో పెట్టి వైరింగుకు పోయేవాణ్ణి. కడుపు నిండేది ఆ పనితోనే, మెడ నిండేది ఈ పనితో.

కార్డు వచ్చిన కొన్నాళ్లకే కోట అనే ఊరి నుంచి సంబంధం వచ్చింది. తెచ్చింది మా పాత పాస్టరుగారు. ఆయన్ని మేమంతా అయ్యగారు అంటాం. మా ఊరి చర్చిలో చాలా ఏళ్లుండి కోటకు మారారు. మా చర్చికి వైరింగు చేసింది చిన్నాయనే కాబట్టి మా సంగతంతా ఆయనకు తెలుసు. అమ్మాయి డిగ్రీ చదివింది, తండ్రికి వరి పొలం ఉంది, మంచి కుటుంబం. ఒక్కటే షరతు. అబ్బాయి కంపెనీలో పనిచేసేవాడై ఉండాలి. "నేను అబద్ధం చెప్పను సుమా" అన్నారు అయ్యగారు, "కంపెనీలో చేస్తున్నాడని చెప్తా. అది నిజమే. ఆపైన నన్ను ఎవరూ ఏమీ అడక్కుండా చూసుకోండి." నిజాన్ని కూడా మందులాగా కొలిచి ఇవ్వాలన్నది ఆయన పద్ధతి.

మా ఇంట్లో నాయన ఫేజు, అమ్మ న్యూట్రలు, చిన్నాయన ఎర్తు. దెబ్బ ఎవరికి తగిలినా చివరికి ఆయనలోకే దిగేది. ఈసారి కూడా అదే జరిగింది. బయల్దేరే ముందు అమ్మ ఆయన్ని పక్కకు పిలిచి, "ఇదిగో, నీకు దండం పెడతా. ఆడ కరెంటు మాట ఎత్తబాకు. ఈ సంబంధం కూడా పోయిందంటే పిలగాడికి ఇంక పెళ్లి కాదు. నోరు తెరవనని మాటియ్యి" అంది. "నేనేం దొంగతనం చేసినానా వదినా, నోరు మూసుకోడానికి?" అన్నాడు చిన్నాయన. అమ్మ ఆయన చొక్కా జేబులోంచి టెస్టరు తీసి గూట్లో పెట్టింది. పెన్ను లేకుండా బడికి పంపినట్టు ఆయన మొహం చిన్నబోయింది. నాకు జాలేసింది గానీ నా మెడలో కార్డుంది, కొత్త చొక్కా ఉంది, ఆ సమయంలో జాలిని పెద్దగా పైకి రానివ్వలేదు.

వేసవికాలం ఆదివారం, చర్చి అయ్యాక కారు మాట్లాడుకొని కోట చేరాం. ఎవరైనా పెళ్లిచూపులకు పోతే ముందు వాకిలి చూస్తారు, ముగ్గు చూస్తారు, మనుషుల్ని చూస్తారు. నేనూ చిన్నాయనా కారు దిగుతూనే తలెత్తి సర్వీసు వైరు చూశాం. అది అలవాటు. మంగలి ముందు తల చూస్తాడు, మేం ముందు మీటరు చూస్తాం. "ఎర్తు లేదురా" అన్నాడు చిన్నాయన గొంతులోనే. అమ్మ ఆయన చెయ్యి గిల్లింది. ఆయన "వందనాలండీ" అని ఇంటివాళ్ల వైపు తిరిగి నవ్వాడు.

హాల్లో మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు చాప. తలుపు పక్కన మెయిను స్విచ్చు, ఎదుటి గోడకు స్విచ్‌బోర్డు. ఆ బోర్డు ప్లగ్గులోంచి ఒక పొడుగాటి వైరు గోడ వెంబడి పోయి, తెర కిందుగా వంటింట్లోకి దూరింది. వంటింట్లో ప్లగ్గు చెడిపోయిందట, అందుకని హాల్లోంచి వైరు లాగి దానిమీద కరెంటు పొయ్యి నడుపుతున్నారు. లోపల పొయ్యి వేసినప్పుడల్లా మా నెత్తిమీది ఫ్యాను నీరసంగా మూలిగేది. తీసినప్పుడు కోలుకునేది. చిన్నాయన ఫ్యాను వంక చూశాడు, నా వంక చూశాడు, ఆపైన తన మోకాళ్ల వంక చూసుకున్నాడు. మాట ఇచ్చాడు మరి.

అమ్మాయి వచ్చింది. అక్కడ వేరే కుర్చీలున్నాయి. అయినా ఆమె నేరుగా వచ్చి ఆ బోర్డు కింద ఉన్న కుర్చీలోనే కూర్చుంది.

అమ్మాయి తండ్రి ఫ్యాను సంగతి ఎత్తి క్షమాపణగా అన్నాడు: "ఏమనుకోబాకన్నా. ఆ కరెంటోడికి వారం నించి ఫోన్ చేస్తా ఉండా. వచ్చేస్తుండా, దార్లో ఉండా అంటాడు. యాడ దారో, ఏం దారో! ఈ ఎలక్ట్రీషియన్లు ఉండారే, వీళ్లంత పనికిమాలినోళ్లు ఈ లోకంలో లేరు. స్క్రూ తిప్పేదానికి వాడి కాళ్లు పట్టుకోవాల."

మా నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నిజం చెప్పినావన్నా" అన్నాడు. "వాళ్ల మాట నమ్మినోడు బాగుపడినట్టు నేను చూళ్లేదు. మాకూ తెలుసు గదా, మా ఇంట్లోనే..." అని ఆగాడు. అమ్మ దగ్గింది. "...మా ఇంట్లోనే పని పడినప్పుడు చూసినాం" అని పూర్తి చేశాడు. చిన్నాయన కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు, మళ్లీ వెనక్కు జరిగాడు. నేను మెడలో కార్డు సరిచేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే వాసన వచ్చింది. ఇక్కడ పాఠకులకు మా వృత్తి రహస్యమొకటి చెప్పాలి. స్విచ్చులూ ప్లగ్గులూ చేసే ఆ గట్టి ప్లాస్టిక్కు లోపల తీగ వదులై బాగా వేడెక్కితే, మంట రాకముందు, అచ్చం ఎండుచేపల వాసన వేస్తుంది. ఈ వాసన రాగానే మా వాళ్లు ఎక్కడున్నా లేచి నిలబడతారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో అయితే ఇంటివాళ్లు కూడా ఏదో తేడా ఉందని అనుమానిస్తారు. మా తీరంలో ఎండుచేపల వాసన వస్తే అనుమానించడానికి ఏముంది? అన్నం ఎప్పుడు పెడతారా అని ఎదురుచూడటమే.

మా నాయన గాలి గట్టిగా పీల్చి, మర్యాద కోసం మొహం వెలిగించుకొని, "ఏందక్కా, ఎండు నెత్తళ్ల పులుసా? వాసనకే ఆకలైతా ఉండాది!" అన్నాడు. అమ్మాయి తల్లి బిత్తరపోయింది. ఆ రోజు ఆమె వండింది కోడికూర. ఆమె మా బట్టల వంక చూసింది, మా ఊరు గుర్తు తెచ్చుకుంది (మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులే), వాసన ఎవరితో వచ్చిందో ఆమెకు అర్థమైపోయింది. పాపం, వచ్చినవాళ్లే సిగ్గుపడి కూర మీదికి నెట్టుతున్నారని జాలిపడినట్టుంది. "అవునన్నా... గాలి సముద్రం మీంచి కొడతా ఉండాది గదా" అంది. ఏ ప్రశ్నకు ఆ జవాబో మా నాయనకు తెలియలేదు. ఆమె లోపలికి పోయి సెంటు సీసా తెచ్చి తెర మీద రెండుసార్లు కొట్టింది. ఆమె భర్త తన కుర్చీని మాకు దూరంగా, ఎవరికీ తెలియకుండా (అందరికీ తెలిసేలా) జరుపుకున్నాడు. ఎండు నెత్తళ్లకు సెంటు కలిసింది. రెండు కుటుంబాలూ ఒకరి పరువు ఒకరు కాపాడుకుంటూ ఆ గాలే పీలుస్తూ కూర్చున్నాయి.

నాకు మాత్రం చెమట పట్టింది. బోర్డు మీద ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక పాకుతోంది. దాని కిందే ఆ అమ్మాయి కూర్చుంది. లేచి మెయిను ఆపితే ప్రాణాలు దక్కుతాయి, సంబంధం పోతుంది. కూర్చుంటే సంబంధం ఉంటుంది, ఇల్లు ఉండకపోవచ్చు. ఇల్లు తగలబడిన తర్వాత ఆ ఇంటి సంబంధం చేసుకోవడమంటే కూడా ఇబ్బందే. నేను బోర్డు మీంచి చూపు తిప్పలేకపోయాను. "అబ్బాయి సిగ్గుపడతన్నట్టుండాడే, తలెత్తి అమ్మాయిని చూడు నాయనా" అంది అమ్మాయి తల్లి. తల ఎత్తే ఉంది. ఎత్తవలసినదానికంటే మూరెడు ఎక్కువే ఉంది. అది గమనించినట్టుంది, ఆమె తన భర్త చెవిలో ఏదో అడిగింది. ఆయన నా కళ్లు రెంటినీ మార్చి మార్చి చూశాడు.

"ముందు ప్రార్థన చేసుకుందాం" అని అయ్యగారు లేచారు.

అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కున్నారు. అయ్యగారి ప్రార్థనకు బస్సులాగా ఒక రూటుంది. చిన్నప్పటి నుంచీ ప్రయాణం చేసినవాణ్ణి కాబట్టి నాకు ప్రతి స్టాపూ తెలుసు. భూమ్యాకాశాల దగ్గర బయల్దేరి, దేశం మీదుగా, రైతుల దగ్గర ఆగి, వరి చేలు దాటి, రొయ్యల చెరువుల్లో రోగాలు రాకుండా చూసుకొని, కృష్ణపట్నం పోర్టు తాకి, అక్కడ మలుపు తిరిగి ఇంటివాళ్ల దగ్గరికొస్తుంది. ఆపైన ఆమెన్. గడియారం అవసరం లేదు. అయ్యగారు ఇంకా ఆకాశంలో ఉండగా నేను ఒక కన్ను తెరిచాను. చిన్నాయన కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆయన మాట ఇచ్చింది నోరు తెరవనని. కళ్ల సంగతి ఒప్పందంలో లేదు.

ఇద్దరం లేచాం. ఆయన పంచె ఎగ్గట్టి మునివేళ్ల మీద మెయిను వైపు, నేను బోర్డు వైపు. అయ్యగారు దేశంలో ప్రవేశించేసరికి మెయిను ఆగింది, ఫ్యాను ఆగింది. ఆయన కళ్లు తెరవకుండానే, "కరెంటాఫీసులో పాటుపడుతున్న నీ బిడ్డలను కూడా జ్ఞాపకం చేసుకో ప్రభువా" అని కలిపారు. "అవును ప్రభువా, వాళ్లకి బుద్ధి దయచెయ్యి" అన్నాడు మా నాయన గట్టిగా. పాపం, ఆ వేళ వాళ్ల తప్పేమీ లేదు.

నేను బోర్డు మీదికి వంగి కిందికి చూస్తే, ఆ అమ్మాయి రెండు కళ్లూ పూర్తిగా తెరిచి నన్ను చూస్తోంది. ప్రార్థనలో కళ్లు తెరవకూడదని నేను ఆమెకు చెప్పే స్థితిలో లేను. ఆమె నా చెయ్యి చూసింది, ప్లగ్గు మరక చూసింది, చప్పుడు కాకుండా కుర్చీ పక్కకు జరుపుకొని, వంటింటి వైరును తనే ప్లగ్గులోంచి పీకి నా చేతికి అడ్డం లేకుండా పక్కన పెట్టింది. ఆపైన కళ్లు మూసుకుంది. పూర్తిగా కాదు.

చిన్నాయన వచ్చి నడుము దగ్గర పంచె మడతలోంచి ఇంకో టెస్టరు తీశాడు (అమ్మ సోదాలు ఎప్పుడూ జేబుతోనే ఆగేవి). వరి చేలలో ఉండగా మూత ఊడింది. లోపల తీగ బొగ్గయింది. ఇద్దరం మాటల్లేకుండా పనిచేశాం. మాకు అది కొత్త కాదు, పనిలో ఉన్నప్పుడు చిన్నాయన కనుబొమ్మలతోనే మాట్లాడతాడు. ఎడమ కనుబొమ్మ లేస్తే తుంచు, కుడిది లేస్తే బిగించు, రెండూ లేస్తే నీకు బుద్ధుందా అని. కాలిన కొస తుంచేశాం. మంచి తీగ తోలు ఆయన పళ్లతో ఒలిచాడు. రొయ్యల చెరువులకు రోగాలు రాకముందే చెడిన ప్లగ్గును పక్కకు తప్పించి తక్కినదంతా బిగించేశాం. మూత పెడుతుండగా నా చేతిలోంచి స్క్రూ జారింది.

గచ్చు మీద పడ్డ స్క్రూ అంత గట్టిగా మోగుతుందని నాకు అంతవరకూ తెలియదు. అది దొర్లుకుంటూ పోయి అయ్యగారి కాలిదగ్గర ఆగింది. అయ్యగారు అప్పుడు పోర్టులో ఉన్నారు. ప్రార్థన ఒక్క క్షణం ఆగింది. ఆయన కుడికన్ను తెరుచుకుంది. గోడకు అతుక్కున్న పెళ్లికొడుకునూ, నోట్లో వైరు ముక్కతో ఉన్న చిన్నాయననూ చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. ఆ కన్ను మెల్లగా మూసుకుంది. బొటనవేలు ఆ స్క్రూను నా వైపు నెట్టింది. "పోర్టులో ఆగి ఉన్న ఓడల కొరకు ప్రార్థిస్తున్నాము ప్రభువా" అన్నారు అయ్యగారు, "ఆ ఓడల్లో ఉన్న నావికుల కొరకు... వారి భార్యాబిడ్డల కొరకు... వారు తిరిగి వెళ్లే దేశాల కొరకు..." ఆయన ప్రార్థన అంతకుముందెప్పుడూ సముద్రం దాటలేదు. ఆ రోజు మా స్క్రూ బిగిసేదాకా ఆయన ఒక్కొక్క రేవులో ఆగుతూ, చలి దేశాల్లో ఉన్నవాళ్లకు దుప్పట్లు కూడా అడిగారు. నేను మూత బిగించి కుర్చీలో కూలబడ్డాక ఇంటికి తిరిగొచ్చి, రెండు కుటుంబాలను రెండు ముక్కల్లో దీవించి, "ఆమెన్" అన్నారు. చిన్నాయన అప్పుడే మెయిను వేశాడు.

ఫ్యాను గిర్రుమని తిరిగింది. గోడ మీది క్యాలెండరు లేచి కొట్టుకుంది, సెంటు వాసన కూడా బయటికి పోయింది. అమ్మాయి తండ్రి ఫ్యాను వంక చూసి, చేతులు జోడించి, "స్తోత్రం! ఈ ఫ్యాను ఇట్టా తిరగ్గా కొన్న రోజు కూడా చూళ్లేదు అయ్యగారూ" అన్నాడు. "ఆ వాసన కూడా పోయింది చూడయ్యా" అంది భార్య. అని వెంటనే నాలిక కరుచుకుంది. "దేవునికే మహిమ" అన్నారు అయ్యగారు. అని, నా వైపు చూడకుండానే తన చేతిరుమాలు నా ఒళ్లో పడేశారు. చూసుకుంటే నా పదివేళ్లకూ మసి.

కాఫీ రాలేదు. "పాలు కాగలేదే!" అని లోపలి నుంచి తల్లి. "ఆ వైరు నేనే తీసేసినామ్మా, గ్యాసు మీద పెట్టు" అంది అమ్మాయి. ఆపైన తండ్రితో, "నాయనా, నేనాయనతో ఒక మాట మాట్లాడాల" అంది. మా అమ్మ నా వంక చూసిన చూపులో, నోరు జారితే ఇంటికి రాబాకని స్పష్టంగా ఉంది.

వరండాలో నిలబడ్డాం. "కంపెనీలో మీరు చేసే పని ఇదేనా?" అని అడిగింది.

"కాదండీ. కంపెనీలో ఇంత పనుండదు."

"మరి ఇదెక్కడ నేర్చుకున్నారు?"

ఈ ప్రశ్నకు అమ్మ జవాబు నేర్పలేదు. ఇప్పుడు ఏం చెప్పినా చెప్పకపోయినా రుమాలు నా చేతిలోనే ఉంది, నల్లగా. "మా చిన్నాయన దగ్గర. ఆయన ఎలక్ట్రీషియన్. నేనూ అంతేనండీ. ఈ కార్డు కాంట్రాక్టరుది, ఎన్నాళ్లుంటదో తెలీదు" అన్నాను. ఆ మాటతో సంబంధం మెయిను నేనే ఆపేసినట్టయింది.

"మా నాయన వింటే ఒప్పుకోడు."

"ఇందాక విన్నానండీ."

"మీ నాయన ఇంకా ఎక్కువ తిట్టినాడు."

"ఆయనకి అలవాటుంది."

ఆమె నవ్వలేదు. "ఆ బోర్డు వాసనొస్తా ఉండాదని నేను వారం నించి చెప్తా ఉండా. ఇంట్లో ఎవురూ వినరు. పక్కింట్లో చేపలు వేయిస్తా ఉండారు, గమ్మునుండు అంటారు. చేపలు కాదని తెలిసిన మనిషిని ఈ రోజే చూసినా" అంది.

"మరి ఆ కుర్చీలోనే ఎందుకు కూర్చున్నారండీ?"

"ఎవురో ఒకరు కనిపెట్టుకొని ఉండాల గదా!" అంది, ఇంతకంటే తేలిక ప్రశ్న దొరకలేదా అన్నట్టు. "వచ్చిన సంబంధాలోళ్లందరూ నన్ను చూసి పోయినారు. మీరొకరే బోర్డు చూసినారు. మీకు మెల్లకన్నేమోనని మా అమ్మకి అనుమానంగా ఉండాది."

"లేదండీ."

"తెలుసు. మా నాయనకి ఎప్పుడు చెప్పాల్నో నాకు వదిలేయండి" అని లోపలికి పోయింది. నేను ఆ వరండాలో కాసేపు అలాగే నిలబడ్డాను. జీవితంలో ముఖ్యమైన నిర్ణయం జరిగిపోయిందని అర్థమైంది గానీ, అందులో నేను చేసిందేమిటో అర్థం కాలేదు.

ఆమె తండ్రికి చెప్పింది పెళ్లయిన తర్వాత, నా కాంట్రాక్టు ముగిసి కార్డు వెనక్కి ఇచ్చేసిన వారంలో. "ఈ మాట ముందే చెప్పుండాల్సింది" అన్నాడు మామ. "చెప్పుంటే ఇచ్చేవాడివా నాయనా?" అని ఆమె. "ఇచ్చేవాణ్ణి కాదు." "అందుకే చెప్పలా." అందులో తప్పు ఎక్కడుందో ఆయనకు దొరకలేదు. కొంచెం ఆలోచించి, "అయితే ఆ రోజు ఫ్యాను...?" అన్నాడు. "అది అయ్యగారి ప్రార్థనే నాయనా" అంది ఆమె. ఆయన తేలికపడ్డాడు. అయ్యగారు ఇప్పటికీ ప్రార్థనలో ఓడల వాళ్లను విడవడం లేదట. ఒకసారి రూటు పొడిగించాక మళ్లీ తగ్గించడం ఏ బస్సుకైనా కష్టమే.

ఆ తర్వాత నేను పూర్తిగా వైర్లలోకే వచ్చేశాను. మా విలువ ఇంకేమీ పెరగలేదు. ఇప్పుడు మాట చెబితే వెలిగే బల్బులొచ్చాయి, ఇల్లుగలవాళ్లు నాతో కంటే బల్బుతోనే మర్యాదగా మాట్లాడుతున్నారు. మా దగ్గర పని నేర్చుకోవడానికి ఎవరూ రావడం లేదు. వచ్చినా, కార్డు ఎప్పుడిస్తారని అడిగి పోతున్నారు. వాళ్లను తప్పుపట్టే మొహం నాకెక్కడిది? చిన్నాయన నిచ్చెన ఎక్కడం మానేశాడు, కింద నిలబడి కనుబొమ్మలు మాత్రం ఎగరేస్తుంటాడు.

మొన్న నెల్లూరులో ఒక పెళ్లికి పోతే, పక్కన కూర్చున్న దూరపు బంధువొకావిడ మా ఆవిణ్ణి, "మీ ఆయనేం చేస్తాడమ్మా?" అని అడిగింది. "ఎలక్ట్రీషియన్" అంది మా ఆవిడ, బాజాలు మోగుతున్నా వినపడేంత గట్టిగా. సరిగ్గా అదే సమయంలో నేను, ఎవరూ అడక్కుండానే, "టెక్నీషియన్" అన్నాను. ఆవిడ మా ఇద్దరి వంకా చూసి, మా ఆవిడకు ఇద్దరు భర్తలేమోనన్నంత తికమకపడింది. మా ఆవిడ అన్నం ముద్ద కలుపుకుంటూ నవ్వుకుంది. ఇన్నేళ్లయినా ఆ మాటను ఆమె అన్నంత నిబ్బరంగా నేను అనలేకపోతున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అభ్యాసం చేస్తున్నాను.